కంట్లో చుక్క, గొంతులో చేదు

మొన్న మా కాలేజీ ల్యాబులో పాత గాజు సామాను స్టోర్ రూముకి చేరవేస్తుంటే నన్ను దగ్గరుండి చూసుకోమన్నారు. ఇప్పుడు పిల్లలకి మందుల ప్రయోగాలన్నీ కంప్యూటర్ తెర మీదే. మౌస్ నొక్కితే బొమ్మ మేక గొంతు బొమ్మ సీసాలో బిగుసుకుంటుంది, ఇంకోసారి నొక్కితే వదులవుతుంది. నెత్తురు లేదు, నీచు వాసన లేదు, పొద్దున్నే మాంసం కొట్టు ముందు నిలబడే పనీ లేదు. మంచిదే, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ అటెండరు ఆ గాజు తొట్టిని, మేము ఆర్గన్ బాత్ అని పిలుచుకునే ఆ పొడుగాటి పాత్రని, రెండు చేతులా ఎత్తి పాత పేపర్లో చుడుతుంటే నాకు తెలియకుండానే ఒకడుగు వెనక్కి వేశాను. కొత్తగా చేరిన లెక్చరరమ్మాయి, "ఏంటి మేడం, పగుల్తుందనా?" అంది. కాదమ్మా అన్నాను. ఆ తొట్టి అంటే నాకు ఇప్పటికీ భయమని, ఇన్నేళ్ళు దాని ముందు నిలబడి పాఠం చెప్పినదాన్ని, ఆ పిల్లకి ఎలా చెప్పను?

ఆ భయం పేరు మా పెద్దత్త. అంటే మా నాన్నకి అక్క. మాది దూది ఏకే నూర్‌బాషాల ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజుకి అరబ్బీ, కోపం ముదిరితే నాలుగు ఉర్దూ ముక్కలు. జగ్గయ్యపేటలో అత్త వాళ్ళది పరుపుల కొట్టు. ముందు కొట్టు, దాని వెనక రేకుల షెడ్డులో దూది ఏకే మిషను, ఆ వెనక ఇల్లు. మిషను తిరుగుతున్నంతసేపూ షెడ్డులో గాలి తెల్లగా ఉండేది. కనురెప్పల మీద, కుండ మూత మీద, ఆరేసిన చీరల మీద సన్నటి నూగు. ఆ ఇంట్లో అన్నంలో వెంట్రుక వస్తే రభస గానీ దూది పోగు వస్తే ఎవరూ పట్టించుకునేవారు కాదు. మామయ్య పోయాక కొట్టు మీద కూర్చున్నది బావే అయినా నడిపించింది అత్తే. చందర్లపాడు నుంచి పత్తి రైతు వచ్చి పెళ్ళి పరుపులు పురమాయించినా, కోదాడ నుంచి లాడ్జీ వాళ్ళు వచ్చి దిండ్లు అడిగినా, అత్త దూదిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూపించందే బేరం తెగేది కాదు. దబ్బనం పట్టుకుని పరుపు అంచు కుడుతుంటే కుట్టు కుట్టుకీ మధ్య ఎడం ఎక్కడా తేడా వచ్చేది కాదు.

నన్ను బావకి చేసుకోవాలని ఆవిడ చాలా ఏళ్ళు అనుకుంది. నేను చదువుకుంటానని మొరాయించాను. బావకి ఇంకో మంచి పిల్ల దొరికింది, నాకు నందిగామలో ఇల్లూ, హైవే పక్కన ఫార్మసీ కాలేజీలో ఉద్యోగమూ దొరికాయి. అందరం సుఖంగానే ఉన్నాం, ఒక్క అత్త తప్ప. నేనెప్పుడు గుమ్మంలో అడుగుపెట్టినా "రావే, కోడలు కాని కోడలా" అనేది. నేనేం పాఠం చెబుతానో ఆవిడకి ఎవరో చెప్పారు. "మేకల గొంతులు కోసి సదువు సెప్పటానికేనా నా కొడుకుని కాదన్నావు?" అని పదిమంది ముందూ అడిగేది. మేకల్ని నేను కోయను, నందిగామలో మా కటిక ఆయన కోసినదాంట్లోంచి ఊపిరి గొట్టం ముక్క తెచ్చుకుంటాను అని నేను ఎంత చెప్పినా ఆవిడ వినదలచుకోలేదు. వినకపోవడంలో మా అత్తని మించినవాళ్ళు లేరు. ఇది నవ్వుతూనే రాస్తున్నాను గానీ, తర్వాత జరిగినదంతా ఆ గుణం దగ్గరే మొదలై ఆ గుణం దగ్గరే ఆగింది.

అత్తకి ప్రపంచంలో ఒకే ఒక్క భయం ఉండేది. మా నాయనమ్మకి చివరి రోజుల్లో చూపు పోయింది. గోడకి ఆనుకుని కూర్చుని, ఎవరు నడిచినా "ఎవరదీ?" అని అడుగుతూ, పెట్టిన కంచం పక్కకి చెయ్యి పెట్టి అన్నం వెతుక్కునేది. అత్త ఆవిడకి ఏళ్ళ తరబడి ముద్దలు కలిపి పెట్టింది. "సచ్చిపోవటానికి నాకు బయం లేదే. అమ్మలాగ గోడకి కూసోటానికే బయం" అని నాతో చాలాసార్లు అంది. అందుకే పేటలో కంటి డాక్టర్లు శిబిరం పెట్టారని తెలియగానే తెల్లవారకముందే పోయి వరసలో నిలబడింది.

ఆ వరసలో ఆడవాళ్ళు ఒకరికొకరు ఒక రహస్యం చెప్పుకున్నారట. దగ్గు, ఆయాసం ఉన్నాయంటే ఆపరేషన్ చేయకుండా వెనక్కి పంపిస్తారని. ఏ ఊళ్ళో శిబిరం పెట్టినా ఈ మాట డాక్టర్ల కంటే ముందే అక్కడికి చేరుతుంది. అత్తకి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. పెళ్ళీడుకి తగ్గింది, చలికాలం ఎప్పుడైనా కాస్త పలకరించి పోయేది, అంతే. లోపల డాక్టరమ్మ "ఆయాసం గానీ ఉబ్బసం గానీ ఉన్నాయా అమ్మా?" అని అడిగితే అత్త ఠకీమని లేవంది. "దగ్గొచ్చిందే. అట్టానే గొంతులో మింగేసా" అని ఇంటికొచ్చి గొప్పగా చెప్పింది. మేమందరం నవ్వాం. ఒక కంట్లో పొర తీశారు. రెండు కళ్ళలోనూ నీటికాసులు మొదలయ్యాయని, ఆ లోపలి ఒత్తిడి తగ్గడానికి పొద్దున ఒక చుక్క, రాత్రి ఒక చుక్క జీవితాంతం వేసుకోవాలని, మానితే చూపు పోతుందని చెప్పి చిన్న సీసా చేతిలో పెట్టారు.

అమ్మకి ఇది లేకే చూపు పోయింది, నాకు దొరికింది అనుకుంది అత్త. పరుపు గుడ్డతోనే చారల సంచి ఒకటి కుట్టి, ఆ సీసాని అందులో పెట్టి, బొడ్లో దోపుకునేది. స్నానం చేసి, కొట్టు తీసే ముందు ఒక చుక్క. పడుకోబోయే ముందు ఒక చుక్క. ఎంత భక్తిగా వేసుకునేదంటే ఇంట్లో అందరూ ఆ కాసేపు మాట్లాడటం ఆపేసేవాళ్ళు. వేసుకున్నాక ముఖం చిట్లించి, "కంట్లో ఏస్తే గొంతులో సేదు దిగుద్దేందే?" అని నన్నడిగింది ఒకసారి. కంటి మూల నుంచి ముక్కులోకి సన్న దారి ఉంటుంది, అందులోంచి గొంతులోకి జారుతుంది అని పాఠంలా చెప్పాను. "అట్టాగా" అంది. శుక్లాల ఆపరేషన్ అయిన ప్రతివాళ్ళూ ఏదో ఒక చుక్క వేసుకుంటూనే ఉంటారు. ఆ చారల సంచిలో ఏ మందు ఉందో చూడాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

నెల తిరిగేసరికి పిల్లికూతలు మొదలయ్యాయి. మొదట పొద్దుటి పూట, మిషను తిప్పే వేళకి. ఎగశ్వాస, ఛాతీలో సన్నటి ఈల. కొట్టు తీసి దూది విప్పుతుండగానే అత్త స్తంభం పట్టుకుని నిలబడిపోయేది. మళ్ళీ రాత్రి పడుకున్న కాసేపటికి లేచి కూర్చునేది. కారణం అందరికీ ముందే తెలుసు: దూది. నూగు లోపలికి పోయి పోయి ఊపిరితిత్తులకి పట్టేసిందన్నారు. రాత్రిపూట ఎందుకొస్తుందంటే, పగలు పీల్చింది రాత్రి పొంగుతుందన్నారు. కొందరు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్మన్నారు. నేను కూడా దూదేననుకున్నాను. ఛాతీ డాక్టరు మాస్కులు రాశాడు, మాత్రలు రాశాడు, పీల్చే మందు రాశాడు. ఆయన మొదటి రోజే అడిగాడట, ఇంకేమన్నా మందులు వాడుతున్నావా అమ్మా అని. లేదంది అత్త. బీపీ లేదు, షుగర్ లేదు, ఆవిడ మింగే మాత్ర ఒక్కటీ లేదు. కంటిదేమో కంటి డాక్టరు వ్యవహారం, ఛాతీ డాక్టరుకి దాంతో ఏం పని?

చిత్రమేమిటంటే ఆయాసం ఎక్కువైన కొద్దీ అత్త చుక్కలు ఇంకా జాగ్రత్తగా వేసుకునేది. ఒళ్ళు బాగా లేనప్పుడు కళ్ళు కూడా పోతాయేమోనని ఆవిడ బెంగ. ఒక్కోరోజు సరిగ్గా పడలేదేమోనన్న అనుమానంతో రెండోసారి వేసుకునేది. తర్వాత గంటకి ఇల్లంతా ఆ ఈల వినపడేది. వంటింట్లో పప్పు తాలింపు చప్పుడు ఆగాక, వీధిలో బళ్ళు తగ్గాక, గోడల్లోంచి వస్తున్నట్టు సన్నగా, తెంపు లేకుండా. పిల్లలు ఆ గదిలోకి పోవడం మానేశారు.

చివరికి బావ మిషను అమ్మేశాడు. నాలుగు తరాల పని. మా ముత్తాతలు విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి ఏకిన దూది, ఆ విల్లు పోయి మిషనొచ్చింది, ఇప్పుడు అదీ పోయింది. కోదాడ నుంచి వ్యాను వచ్చింది. మిషను ఎక్కిస్తుంటే అత్త కొట్టు అరుగు మీద కూర్చుని చూసింది. వ్యాను మలుపు తిరిగాక, "అది పోతే నా ఊపిరి నాకొస్తదంటన్నారుగా. సూద్దాం" అంది. షెడ్డు కడిగారు, రేకులు దులిపారు, గోడలకి సున్నం వేశారు. కొట్లో ఇక బయట కుట్టించి తెచ్చిన పరుపులే, ఇంట్లో దూది నలుసు కూడా లేకుండా పోయింది. ఆయాసం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎన్నో ఏళ్ళ నూగు కదా, దిగడానికి టైము పడుతుంది అని అందరం మళ్ళీ సర్దిచెప్పుకున్నాం. ఒకసారి కారణం దొరికాక మనుషులు దాన్ని అంత తేలిగ్గా వదులుకోరు.

అంతలో రంజాన్ వచ్చింది. రోహిణీ కార్తె ఎండల్లో వచ్చిన రంజాన్. ఒక్కపొద్దు ఉండొద్దని ఎంతమంది చెప్పినా అత్త వింటేగా. కంటి చుక్కతో ఒక్కపొద్దు చెడదని మసీదులో పెద్దాయన చెప్పి పంపించారు. "ఆయన కంట్లో ఏసుకున్నాడా? గొంతులోకి సేదు దిగుద్ది. దిగితే తిన్నట్టే" అంది అత్త. కాబట్టి పొద్దుటి చుక్క తెల్లవారకముందు సహరీ వేళకి మారింది. రాత్రి చుక్కేమో ఇఫ్తార్ అవగానే, ఖర్జూరం తిని, నీళ్ళు తాగిన వెంటనే. పగలంతా వేసుకోలేదన్న ఆత్రం ఆవిడకి.

ఒక ఆదివారం నేను ఇఫ్తార్‌కి వెళ్ళాను. ఆ మధ్యాహ్నమంతా అత్త ఎంత బాగుందో. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, ఆ వడగాడ్పులో, నా చీర మీద విమర్శలు చేస్తూ, బావ భార్య చేత సేమియా చేయిస్తూ ఇల్లంతా తిరిగింది. ఊపిరిలో చిన్న ఈల కూడా లేదు. అజాన్ అయింది. ఖర్జూరం తిన్నాం. అత్త చారల సంచి విప్పి, తల వెనక్కి వాల్చి, రెండు కళ్ళలోనూ చుక్కలు వేసుకుంది. నమాజు చేసుకుని వచ్చేసరికి మాట మధ్యలో తెగడం మొదలైంది. ఇంకాసేపటికి రెండు చేతులూ మంచం పట్టెకి ఆనించి, భుజాలు పైకి లాక్కుంటూ కూర్చుంది. పెదాల రంగు మారింది. బజ్జీల పొగ పడలేదు అన్నారు ఎవరో. చల్లటి షర్బత్ అన్నాను నేను. బావ పీల్చే మందు పట్టాడు, ఎన్నిసార్లు పట్టినా అది పని చేయలేదు. చాలాసేపటికి కాస్త తెరిపిచ్చింది. "రోజూ ఇదే తంతు. సహరీ అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. పగలు మాత్రం బంగారంలా ఉంటది" అన్నాడు బావ. ఒక్కపొద్దు మహిమ అంది అత్త, మాట వచ్చాక.

రెండు రోజుల తర్వాత సాయంత్రపు ల్యాబులో ఆ పాఠం వచ్చింది. నందిగామ కొట్టు నుంచి పొద్దున్నే తెచ్చిన మేక ఊపిరి గొట్టాన్ని సన్న ముక్కగా కోసి, దారం కట్టి, ఆ గాజు తొట్టిలో వేలాడదీశాను. ఒంటి వేడికి కాచిన ఉప్పునీళ్ళు, అడుగు నుంచి గాలి బుడగలు. మేక చచ్చి గంటలైనా ఆ ముక్కకి ఆ సంగతి తెలియదు. అందులోని నరాల కొసలు ఇంకా బతికే ఉంటాయి. సన్నటి కరెంటు తగిలిస్తే నరాలు మేలుకుని కండకి కబురు పంపిస్తాయి, కండ బిగుసుకుంటుంది, దారం లాగుతుంది, తిరిగే డ్రమ్ము మీద ముల్లు పైకి గీత గీస్తుంది. కరెంటు తీస్తే కండ వదులవుతుంది, గీత దిగుతుంది. బిగించమని చెప్పే నరం ఒకటి, ఇక వదిలెయ్యమని చెప్పే నరం ఒకటి, రెండూ పక్కపక్కనే ఉంటాయి. మనం ఊపిరి పీల్చుకుంటున్నామంటే ఆ రెండూ సర్దుకుపోతున్నాయని అర్థం.

పిల్లలు ముందు మామూలు గీతలు తీశారు. అన్నీ ఒకే ఎత్తు. తర్వాత తొట్టిలో ఒక మందు వేయించాను. గుండె దడకీ, రక్తపోటుకీ వాడే రకం మందు. వదిలెయ్యమనే నరం మాటని అది కండ దాకా చేరనివ్వదు. కాసేపు ఆగి, అంతే కరెంటు తగిలించాం. గీత ముందుటికంటే పైకి పోయింది. మళ్ళీ తగిలించాం. ఇంకా పైకి. కరెంటు పెంచలేదు, బిగించే మందు ఏదీ వేయలేదు. అడ్డు చెప్పేవాడి నోరు మూశాం, అంతే. ఆ ముక్క తొట్టిలో కుంచించుకుపోయి, దిగడానికి చాలాసేపు తీసుకుంటోంది. వెనక వరసలో ఒకమ్మాయి లేచి, "మేడం, ఈ జాతి మందులు మాత్రలుగానే వస్తాయా?" అని అడిగింది. ఏటా చెప్పే జవాబే చెప్పాను. "మాత్రలుగా వస్తాయి, ఇంజెక్షన్లుగా వస్తాయి, ఇందులోదే టిమోలాల్ అని ఒకటి, నీటికాసులకి కంటి చుక్కలుగా..."

అక్కడ ఆగిపోయాను. నా నోటి మాట నా చెవికే పరాయిదానిలా వినపడింది. సహరీ అప్పుడు, ఇఫ్తార్ అప్పుడు. పగలు బంగారం. అంతకు ముందు, కొట్టు తీసే వేళ, పడుకునే వేళ. క్లాసు వదిలేసి బావకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. రంజాన్‌లో ఆ వేళకి బజారు రద్దీ, కొట్లో ఫోన్ ఎక్కడో పడేసి ఉంటాడు. అతని భార్యకి చేశాను, అదీ అంతే. హైవే మీదకి వచ్చి దొరికిన బస్సు ఎక్కాను. నందిగామ దాటింది, సూర్యుడు ఎదురుగా వాలుతున్నాడు. ఆ రోజు సూర్యుడు అస్తమించకూడదని నేను నిజంగా దేవుణ్ణి వేడుకున్నాను, అస్తమించడం కోసం ఊళ్ళో జనమంతా ఎదురుచూస్తుండగా. చిల్లకల్లు దగ్గర దిగి ఆటో ఎక్కుతుంటే అజాన్ వినపడింది.

నేను వెళ్ళేసరికి అత్త మంచం మీద వంగి కూర్చుని ఉంది. పక్కనే చారల సంచి, విప్పి ఉంది. సీసా తీసి పేరు చదివాను. టిమోలాలే. అత్త నా వైపు చూసింది గానీ మాట్లాడలేకపోయింది. ఈల కూడా తగ్గిపోతోంది. తెలియనివాళ్ళు అది నయమవడం అనుకుంటారు. ఈల రావడానికైనా గాలి ఆడాలి కదా. బావా, ఆటో, అన్నాను.

ఛాతీ డాక్టరు ఒక్కపొద్దు విడిచి అప్పుడే కంచం ముందు కూర్చున్నాడట, చెయ్యి కడుక్కుని వచ్చాడు. సీసా చేతికిచ్చాను. ఆయన దాన్ని లైటు కింద పెట్టి చదివాడు. "ఇది వాడతన్నట్టు నాకెవరూ చెప్పలేదండి" అన్నాడు. ఇన్నాళ్ళూ ఇచ్చిన పీల్చే మందు పనిచేయాల్సిన చోట ఈ చుక్క మందు ముందే తిష్ఠ వేసుకుని కూర్చుంది. అందుకని బిగించే నరం కబుర్ని ఆపే ఇంకో మందు మాస్కులో పెట్టించాడు. ఇంజెక్షన్లు ఇచ్చాడు. గడియారం వైపు చూడకుండా అత్త మెడ కింది గుంటనే చూస్తూ నిలబడ్డాను. ఊపిరికి ఆ గుంట లోపలికి పోతోంది, పోతోంది. చాలాసేపటికి లోపలికి పోవడం తగ్గింది. మళ్ళీ ఈల వినపడింది. దాని కోసం అంతగా సంతోషిస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు అంతా విడమర్చి చెప్పాను. అత్త దిండుకి ఆనుకుని విన్నది. చుక్క కంటి నుంచి ముక్కులోకి, గొంతులోకి, నెత్తురులోకి పోతుందని, ఛాతీలో వదిలించే నరం నోరు మూస్తుందని. అంతా విని, "అయితే దూదిదేం తప్పు లేదన్నమాట" అంది. బావ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

కంటి డాక్టర్లు చుక్కలు మార్చారు. కొత్తది వేరే జాతి, ఊపిరి జోలికి పోదు. అత్త ఆ సీసాని ఎగాదిగా చూసింది. మంచిదని వేసుకున్న చుక్కే పీక పట్టుకుందే, ఇంకోదాన్ని ఎట్టా నమ్మమంటావు అంది. నోటితో చెబితే వినే మనిషి కాదని నాకు తెలుసు. కళ్ళారా చూస్తే నమ్ముతుందనుకున్నాను. పండగ వెళ్ళాక ఒక సెలవు రోజున ఆవిడని కాలేజీకి తీసుకొచ్చి ఆ గాజు తొట్టి ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నేను చేసింది తప్పని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. పాఠం చెప్పేవాళ్ళకి చూపించడం తప్ప ఇంకేం తెలుసు?

కరెంటు తగిలించి మామూలు గీత చూపించాను. పాత మందు వేసి గీత ఎలా పెరిగిందో చూపించాను. నీళ్ళు మార్చి, కొత్త ముక్క కట్టి, దాని మామూలు గీత తీసి, కొత్త చుక్క మందు వేసి మళ్ళీ కరెంటు తగిలించాను. గీత వెంట్రుకవాసి కూడా పెరగలేదు. "చూశావా అత్తా, ఎంతుందో అంతే ఉంది" అన్నాను గెలిచినదానిలా. అత్త డ్రమ్ము వైపు చూడటం లేదు. తొట్టిలో ముక్కనే చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బిగుసుకుందా, లేదా?" అంది.

"బిగుసుకుంటుంది అత్తా, కరెంటుకి. మందుకి కాదు. మందు లేకపోయినా అంతే బిగుసుకుంటుంది. ఈ గీత చూడు."

"గీతలు నాకెందుకే. సచ్చిన మేక గొంతు. నువ్వు సుక్క ఏసావు, అది బిగుసుకుంది. నా కళ్ళతో సూసా."

మందు లేకుండా ఇంకోసారి చేసి చూపిద్దామని కొత్త నీళ్ళు పోస్తున్నాను. అత్త అప్పటికే కుర్చీలోంచి లేచి తలుపు దాకా వెళ్ళింది. తిరుగు బస్సులో నా చెయ్యి పట్టుకుని, "ఏసుకుంటాలే. నువ్వు బెంగ పెట్టుకోమాక" అంది. అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆవిడ తత్వం కాదు. ఆ మాట నాకు బస్సు దిగే దాకా లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఆ ఇంట్లో పిల్లికూత వినపడలేదు. అత్త మెట్లెక్కింది, పెళ్ళిళ్ళకి తిరిగింది, నన్ను తిట్టింది. చుక్కలు ఏసుకుంటన్నా అనేది, సీసాలు అయిపోయేవి, బావ కొత్తవి తెచ్చేవాడు. ఎవరికి అనుమానం వస్తుంది? వేళకి గదిలోకి పోయి, కొంగు చాటున, అరచేతిలో దూది ఉండ పెట్టుకుని దాని మీద పిండేదట. అది తర్వాత తెలిసింది. నీటికాసులు నొప్పి పెట్టవు, ఎర్రబడవు, చెప్పి రావు. చూపుని అంచుల నుంచి మెల్లగా కొరుక్కుంటూ వస్తాయి. మధ్యలో ఉన్నది కనబడుతున్నంతకాలం మనిషికి తెలియను కూడా తెలియదు. అత్త గడపలకి తగులుకోవడం మొదలెట్టింది. పక్కన కూర్చున్నవాళ్ళని వదిలేసి ఎదుటివాళ్ళతో మాట్లాడేది. దబ్బనం వేలిలో దిగింది. విజయవాడ తీసుకెళితే డాక్టరు పరీక్ష చేసి, మందు వేసుకుంటున్నావా అమ్మా అని ఒకే ఒక్క మాట అడిగాడు. అత్త అబద్ధం చెప్పలేదు ఆ రోజు. పోయిన చూపు తిరిగి రాదన్నారు. అప్పటి నుంచి బావ భార్య వేస్తానంటే తల వెనక్కి వాలుస్తుంది. "ఏసుకోండి. ఇంక పోయేదేముంది" అంటుంది.

ఆమెకి ఊపిరి నేనిచ్చానని మా చుట్టాల్లో అందరూ అంటారు. నేను ఆ మాటకి తల ఊపి ఊరుకుంటాను. మందు లోపలికి పోయి ఏం చేస్తుందో నాకు తెలుసు. భయం ఏం చేస్తుందో ఏ తొట్టిలోనూ చూపించలేను.

ఈసారి రంజాన్ చలి ఇంకా పూర్తిగా వదలకముందే వచ్చింది. ఏటా కాస్త కాస్త వెనక్కి జరుగుతూ ఆ ఎండల్లోంచి ఇక్కడికి నడిచి వచ్చింది. మొన్నొక రోజు ఇఫ్తార్‌కి పేట వెళ్ళాను. అత్త మంచం మీద నా పక్కనే కూర్చుంది. కంచంలో ఖర్జూరాలు, జామకాయ ముక్కలు, గ్లాసులో నీళ్ళు సర్ది పెట్టారు. పక్క మేడ గోడ మీద ఎండ ఇంకా పచ్చగా ఉంది. పిల్లలు వీధిలో ఆడుకుంటున్నారు. అత్త హాయిగా, నిండుగా ఊపిరి తీసుకుని, చేత్తో తడుముకుంటూ ఖర్జూరం అందుకుంది.

"ఏమే, ఇంత సీకటి పడినా అజాన్ ఇయ్యరేందీ? మసీదులో మైకు పాడైందా?" అంది.

బావ నా ముఖంలోకి చూశాడు. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. "ఇంకాసేపుంది అత్తా" అన్నాను. "ఇంకానా" అంది. ఖర్జూరాన్ని తిరిగి కంచంలో పెట్టబోయి, కంచం పక్కన మంచం మీద పెట్టింది.

పొద్దు అందరికీ ఒక్కసారే గుంకుతుందనుకుంటూ ఇంతకాలం బతికాను. ఆ సాయంత్రం ఒకే మంచం మీద పక్కపక్కన కూర్చున్న మా ఇద్దరిలో నాకింకా ఎండ ఉంది, అత్తకి పొద్దుగూకి చాలాసేపయింది.